నమీబియాలో బండి మీదే టెంట్: సొంతంగా తిరిగి రావడం ఎలా

నమీబియా వైశాల్యం సుమారు 8,25,000 చదరపు కిలోమీటర్లు, అంటే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి మూడింతలు. జనాభా మాత్రం 2023 లెక్కల ప్రకారం 30 లక్షలే. హైదరాబాద్ జనంలో మూడోవంతు కూడా కాదు. ఆ దేశంలో తిరగడంలోని సుఖమూ, కష్టమూ రెండూ ఈ అంకెల్లోంచే పుడతాయి. గంటసేపు నడిపినా ఎదురుగా ఒక్క బండి రాదు. అది చూసి పొంగిపోతాం. అదే రోడ్డు మీద టైరు పేలితే సాయానికి కూడా ఎవరూ రారు.

అద్దెకి ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలూ లాగే) బండి తీసుకుని, దాని పైకప్పు మీద మడతపెట్టి ఉన్న టెంట్‌లో పడుకుంటూ, వంట మనమే చేసుకుంటూ దేశం చుట్టి రావడానికి నమీబియా అంత అనువైన చోటు నాకు తెలిసి ఇంకోటి లేదు. స్టీరింగు మనలాగే కుడివైపు, నడిపేది ఎడమవైపు. ఇంగ్లీషు అధికార భాష. క్యాంపులన్నీ పద్ధతిగా ఉంటాయి. అయినా చాలామంది సగం యాత్రకే అలిసిపోయి చిరాకుతో తిరిగొస్తారు. దానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, రోజుకి ఎక్కువ కిలోమీటర్లు పెట్టుకోవడం. కింద చెప్పినవన్నీ ఒక్క నియమం చుట్టూ తిరుగుతాయి: సాయంత్రం నాలుగింటికల్లా బండి ఆగి, టెంట్ తెరిచి ఉండాలి.

ముందుగా నెల ఎంచుకోండి

మే నుంచి అక్టోబరు దాకా వాన ఉండదు. జంతువులు నీటిగుంటల దగ్గరికి చేరేది, వాగులు ఎండి రోడ్లు తెరిచి ఉండేది అప్పుడే. కానీ జూన్, జులై అక్కడ చలికాలం. పగలు హాయిగా ఉంటుంది, ఎడారిలో తెల్లవారుజామున మాత్రం చలి సున్నా దగ్గరికి దిగుతుంది. ఆఫ్రికా అనగానే కాటన్ చొక్కాలు సర్దుకుని వెళ్లేవాళ్లు మొదటి రాత్రికే వణికిపోతారు. ఉన్ని టోపీ, మేజోళ్లు, మందపాటి జాకెట్ తప్పకుండా పెట్టుకోండి. అక్టోబరులో ఎండ మండిపోతుంది. ముసలివాళ్లు, పిల్లలు వెంట ఉంటే మే గానీ ఆగస్టు చివర గానీ మేలు.

రూటు గీసుకుని, తర్వాత సగానికి కోసేయండి

మొదటిసారి వెళ్లేవాళ్లకి పన్నెండు రాత్రుల వరస ఒకటి చెబుతాను. రాజధాని విండ్‌హుక్‌లో ఒక రాత్రి, ఇసుక తిన్నెల దగ్గరి సెస్రీమ్‌లో రెండు, సముద్రం ఒడ్డున ఉన్న స్వాకోప్‌ముండ్‌లో రెండు, స్పిట్స్‌కొప్పెలో ఒకటి, ట్వైఫెల్‌ఫాంటేన్ దగ్గర రెండు, జంతువులు చూసే ఎటోషా పార్కులో మూడు, మళ్లీ విండ్‌హుక్‌లో ఒకటి. పక్క ప్రయాణాలతో కలిపి సుమారు 2,400 కిలోమీటర్లు అవుతుంది. దీనికి దక్షిణాన ఫిష్ రివర్ లోయ, ఉత్తరాన కునేనె నది కూడా తగిలించాలని మనసు లాగుతుంది. వద్దు. వాటికోసం ఇంకోసారి వెళ్లవచ్చు.

ఆ లెక్క రోడ్ల మీద ఆధారపడి వేసింది. అక్కడ బి అనే అక్షరంతో మొదలయ్యేవి ఎక్కువగా తారు రోడ్లు. సి, డి అంటే చాలావరకు కంకర, మట్టి, కొన్నిచోట్ల ఇసుక. ఫోన్‌లో మ్యాప్ చూపించే సమయాన్ని కంకర రోడ్డు మీద నమ్మకండి. విండ్‌హుక్ నుంచి సెస్రీమ్ 330 కిలోమీటర్ల చిల్లర. మన హైవే లెక్కన నాలుగు గంటలు అనుకుంటాం. అక్కడ ఐదు నుంచి ఆరు గంటలు నడపడానికే పడుతుంది, ఆగడాలు వేరే. కంకర మీద సగటున గంటకి 60 కిలోమీటర్లు లెక్కేసుకోండి. ఒక రోజు ప్రయాణం 350 దాటితే మధ్యలో ఇంకో రాత్రి పెట్టండి.

బుకింగులు, కాగితాలు

సెస్రీమ్ క్యాంపు, ఎటోషాలోని క్యాంపులు ప్రభుత్వ సంస్థ నమీబియా వైల్డ్‌లైఫ్ రిసార్ట్స్ చేతిలో ఉంటాయి. జులై నుంచి అక్టోబరు మధ్యకి వీటిని చాలా నెలల ముందే పట్టుకోవాలి. మిగతావి కాస్త ఆలస్యమైనా దొరుకుతాయి. కాబట్టి ముందు ఈ రెండు చోట్ల తేదీలు ఖాయం చేసుకుని, వాటి చుట్టూ మిగతా రూటు అల్లుకోండి.

వీసా నియమాలు ఢిల్లీలోని నమీబియా హైకమిషన్ చెప్పే ప్రకారం, టికెట్ కొనకముందే చూసుకోండి. హైదరాబాద్ నుంచి విండ్‌హుక్‌కి నేరుగా విమానం లేదు. ఆడిస్ అబాబా మీదుగా వెళ్తుంటే ఎల్లో ఫీవర్ సంగతి గుర్తుపెట్టుకోండి. ఆ జబ్బు ఉన్న దేశంలో 12 గంటలకి మించి ఆగి వస్తే నమీబియాలో టీకా సర్టిఫికెట్ అడుగుతారు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఆ టీకా వేస్తారు. వేయించుకున్న పది రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది గనుక ఆఖరి వారానికి వదిలేయకండి. ఎటోషా వైపు మలేరియా మాత్రలు కావాలో లేదో అక్కడే డాక్టర్‌ని అడిగేయండి.

ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ మీ ఆర్టీవో ఆఫీసులో తీసుకోవాలి. ఫీజు వెయ్యి రూపాయలు, గడువు ఏడాది. మన లైసెన్సు కూడా వెంట ఉండాలి. ఇద్దరు నడిపే వీలుంటే ఇద్దరూ తీసుకోండి. పిల్లలు ఉంటే జనన ధ్రువపత్రాలు మరవకండి, ఇమిగ్రేషన్‌లో అడుగుతారు.

శాటిలైట్ ఫోన్ గురించి ఒక హెచ్చరిక. సిగ్నల్ లేని చోట అది ప్రాణం కాపాడే వస్తువే. కానీ మన దేశంలో అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్‌గానీ, శాటిలైట్ ద్వారా మెసేజ్ పంపే చిన్న పరికరంగానీ దగ్గర ఉంచుకోవడం నేరం. ఇక్కడి ఎయిర్‌పోర్టుల్లో వాటితో పట్టుబడి కేసుల్లో ఇరుక్కున్న విదేశీయులు ఉన్నారు. ఆన్‌లైన్లో కొని సంచిలో వేసుకోకండి. విండ్‌హుక్‌లో బండితో పాటే అద్దెకి దొరుకుతుంది, అక్కడే తీసుకుని అక్కడే ఇచ్చేయండి.

బండి చేతికి తీసుకునే రోజు రెండు గంటలు ఇవ్వండి

రాత్రంతా విమానంలో కూర్చుని దిగినవాళ్లకి తాళం చేతిలో పడగానే బయల్దేరాలనిపిస్తుంది. ఆ రోజు ఎక్కడికీ వెళ్లొద్దు. విండ్‌హుక్‌లోనే పడుకోండి. బండి తీసుకునే చోట కింది పనులు మీ చేత్తో మీరే చేయండి. వాళ్లు చేసి చూపిస్తే చాలదు.

టెంట్ పూర్తిగా తెరిచి, మళ్లీ పూర్తిగా మడిచి, కవర్ జిప్ వేయండి. జిప్ ఇరుక్కుంటే అక్కడే చెప్పండి.

స్టెపినీలు రెండు అడగండి. రెండింటిలో గాలి కొలిచి చూడండి. టైర్ల పక్కగోడల మీద కోతలు ఉంటే ఫొటో తీసి, కాగితం మీద రాయించండి.

జాకీ బయటికి తీయించండి. దాని పిడి ఉందా, వీల్ పానా మీ బండి నట్లకి సరిపోతుందా అని ఒక నట్‌కి తగిలించి చూడండి. మా బండిలో అన్నీ ఉన్నాయని లిస్టులో టిక్కు పెట్టేశారు. తీరా తెరిచి చూస్తే జాకీ పిడి లేదు. యార్డులో అయితే ఐదు నిమిషాల్లో ఇంకోటి తెచ్చిచ్చారు. అదే సెస్రీమ్ దారిలో సాలిటేర్ దాటాక తెలిస్తే ఆ రోజంతా పోయినట్టే.

గాలి కొట్టే చిన్న కంప్రెసర్, గాలి కొలిచే మీటర్, పార, లాగుడు తాడు, నీళ్ల డబ్బా, గ్యాస్ సిలిండర్, పొయ్యి ఉన్నాయో చూడండి. ఫ్రిజ్ వేరే బ్యాటరీ మీద నడుస్తుందా అని అడగండి. లేకపోతే రాత్రికి మెయిన్ బ్యాటరీ దిగిపోయి పొద్దున బండి స్టార్ట్ కాదు.

ఇన్సూరెన్స్ కాగితం నిదానంగా చదవండి. చాలా పాలసీల్లో టైర్లు, అద్దాలు, కింది భాగం, ఇసుకగాలికి పోయిన రంగు, నీళ్లలో మునిగిన ఇంజిన్ వర్తించవు. ఎదుటి బండి లేకుండా మనంతట మనమే పల్టీ కొడితే వచ్చే నష్టం కూడా కొన్నింటిలో ఉండదు. నమీబియాలో టూరిస్టుల ప్రమాదాల్లో ఎక్కువ భాగం సరిగ్గా అలాంటివే. టైర్లకీ, పల్టీకీ వర్తించే పెద్ద పాలసీ తీసుకోండి. మిగతా ఖర్చు ఎక్కడైనా తగ్గించుకోవచ్చు, ఇక్కడ మాత్రం వద్దు. డిపాజిట్ నడిపేవాళ్ల పేరు మీదున్న క్రెడిట్ కార్డు మీదే పట్టుకుంటారు. లిమిట్ ముందే పెంచుకుని వెళ్లండి.

సరుకులు

బియ్యం, పప్పు, ఉల్లిపాయలు, నూనె, పాలు, గుడ్లు అన్నీ విండ్‌హుక్ సూపర్ మార్కెట్లలో దొరుకుతాయి. ఇంటి నుంచి తీసుకెళ్లాల్సింది సీలు వేసిన పొడులు, పచ్చడి, చింతపండు పేస్టు, పోపు సామాను. ఒక చిన్న ప్రెషర్ కుక్కర్ తప్పనిసరి అంటాను. విండ్‌హుక్ సముద్రమట్టానికి 1,650 మీటర్ల పైన ఉంటుంది, చలిగాలిలో మూతలేని గిన్నెలో పప్పు ఎంతకీ ఉడకదు. కుక్కర్ ఉంటే గ్యాస్ కూడా ఆదా.

పొద్దున్నే పులిహోర కలిపి డబ్బాల్లో పెట్టుకుంటే మధ్యాహ్నం వంట పని ఉండదు. ఎండలో, గాలిలో పొయ్యి వెలిగించడం అంత విసుగు పుట్టించే పని ఇంకోటి లేదు. రాత్రికి వేడిగా ఒక కూర, అన్నం చాలు. ప్రతి క్యాంపులోనూ నిప్పుల మీద కాల్చుకునే ఇనప జాలీ ఉంటుంది, దాన్ని అక్కడ బ్రాయ్ అంటారు. కట్టెలు పెట్రోల్ బంకుల్లోనే అమ్ముతారు. చిలగడదుంప, వంకాయ, మొక్కజొన్న పొత్తులు దాని మీద బ్రహ్మాండంగా కాలతాయి. మాంసం తినేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. పశువుల గాలికుంటు వ్యాధి వ్యాపించకుండా దేశానికి అడ్డంగా కంచె కట్టారు. ఉత్తరం నుంచి దక్షిణానికి వచ్చేటప్పుడు తనిఖీ దగ్గర ఫ్రిజ్ తెరిపించి పచ్చి మాంసం తీసేసుకుంటారు. ఎటోషాలో ఉండగానే వండేసుకోండి.

తాగే నీళ్లు మనిషికి రోజుకి ఐదు లీటర్ల లెక్కన, రెండు రోజులకి సరిపడా ఎప్పుడూ బండిలో ఉండాలి. విండ్‌హుక్ కుళాయి నీళ్లు భయం లేకుండా తాగవచ్చు. వాడేసిన నీటిని శుద్ధి చేసి నేరుగా తాగునీటిగా ఇవ్వడం 1968లోనే మొదలుపెట్టిన నగరం అది.

కంకర రోడ్డు మీద నడపడం

యాత్ర మొత్తంలో శ్రద్ధగా నేర్చుకోవాల్సింది ఇదే.

తారు వదిలి కంకర ఎక్కగానే పక్కకి ఆపి, టైర్లలో గాలి తగ్గించండి. తారు మీద 32 నుంచి 35 పీఎస్‌ఐ ఉంటే, కంకర మీద 25 నుంచి 28 చాలు. అక్కడి బంకుల్లో మీటర్ బార్ లెక్కలో ఉంటుంది. ఒక బార్ అంటే 14.5 పీఎస్‌ఐ. గాలి తగ్గితే టైరు మెత్తబడి రాయి మీద ఒదుగుతుంది, పంక్చర్లు తగ్గుతాయి, నడుం నొప్పి కూడా తగ్గుతుంది. మళ్లీ తారు మీదికి రాగానే కంప్రెసర్‌తో కొట్టుకోండి. నాలుగు టైర్లకి పావుగంట పడుతుంది. బద్ధకించకండి.

ఆ రోడ్ల మీద అడ్డంగా ముడతలు పడి ఉంటాయి, రేకుల షెడ్డు పైకప్పు మీద నడుపుతున్నట్టే ఉంటుంది. 40లో వెళ్తే ఒళ్లు హూనం. 90లో వెళ్తే బండి ముడతల పైపైన తేలిపోతుంది, హాయిగా అనిపిస్తుంది. ప్రమాదం అక్కడే పొంచి ఉంటుంది. తేలుతున్న బండికి రోడ్డు మీద పట్టు ఉండదు. మలుపులో స్టీరింగు కాస్త తిప్పినా వెనక భాగం జారిపోతుంది. చట్టం ఎంత ఒప్పుకున్నా 80 దాటకండి. అద్దె కంపెనీలు చాలావరకు కంకర మీద 80కి మించొద్దని రాయించుకుంటాయి, బండిలో పెట్టిన పరికరం వేగం రాసిపెడుతుంది కూడా. బండి జారినట్టనిపిస్తే బ్రేక్ తొక్కొద్దు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగు తిన్నగా పట్టుకోండి, దానంతట అదే సర్దుకుంటుంది.

ఎదురుగా బండి వస్తే దుమ్ము లేస్తుంది, ఒక్క క్షణం ఏమీ కనబడదు. ముందే వేగం తగ్గించి ఎడమకి జరగండి, పగలు కూడా హెడ్‌లైట్లు వేసి ఉంచండి. జంతువు అడ్డొస్తే స్టీరింగు పక్కకి కొట్టొద్దు. నేరుగా బ్రేక్ వేయండి. కుడు అనే జింక దాదాపు మన కడితి అంత ఉంటుంది, గెంతితే అద్దం మీదే పడుతుంది. అడవిపందులు రోడ్డు పక్కన మోకాళ్ల మీద కూర్చుని గడ్డి తింటూ ఉంటాయి, ఎటు పరిగెడతాయో చెప్పలేం. కుడు లాంటివి ఎక్కువగా కదిలేది పొద్దు వాలాక. నాలుగింటి నియమం అందుకే. చీకట్లో నడిపితే ఇన్సూరెన్స్ కూడా వర్తించదని చాలా ఒప్పందాల్లో ఉంటుంది.

డీజిల్ సగానికి రాగానే, బంకు కనిపించిన చోటల్లా నింపేయండి. సెస్రీమ్, సాలిటేర్, ఖోరిక్సాస్, ఔచో లాంటి చోట్ల బంకులున్నాయి గానీ ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఏమీ ఉండదు. కార్డు మెషీన్ ఒక్కోసారి పనిచేయదు, నగదు ఉంచుకోండి. నమీబియా డాలర్, దక్షిణాఫ్రికా రాండ్ ఒకే విలువ, రాండ్లు కూడా తీసుకుంటారు. సాలిటేర్‌లో నింపుకునేటప్పుడు అక్కడి బేకరీలో యాపిల్ పై తినండి. చుట్టూ తుప్పు పట్టిన పాత కార్లు, మధ్యలో ఆ వేడి వేడి ముక్క. అంత దుమ్ము తిన్నాక అమృతంలా ఉంటుంది.

టైరు పోయిందా, కంగారు వద్దు. పక్కకి గట్టి నేల ఉన్న చోటికి మెల్లగా తీసుకెళ్లండి. హ్యాండ్ బ్రేక్ వేసి, గేరులో ఉంచి, మిగతా చక్రాల వెనకా ముందూ రాళ్లు పెట్టండి. బండి పైకెత్తకముందే నట్లు అరచుట్టు వదులు చేయండి. ఎత్తాక తిప్పితే చక్రమే తిరుగుతుంది. జాకీ కింద చెక్కగానీ, బల్లపరుపు రాయిగానీ పెట్టండి, లేకపోతే ఇసుకలోకి దిగిపోతుంది. కొత్త చక్రం ఎక్కించాక నట్లు ఎదురెదురుగా బిగించండి, 50 కిలోమీటర్లు పోయాక ఆగి మళ్లీ ఒకసారి బిగించండి. దారిలో మొదట వచ్చే ఊళ్లోనే పంక్చర్ వేయించండి. రెండో స్టెపినీ ఉంది కదా అని ముందుకి పోవద్దు.

ఎండిన వాగులో నీళ్లు పారుతుంటే కాలితో నడిచి లోతు చూడకుండా బండి దించకండి. పైన ఎక్కడో వాన పడితే ఇక్కడ ఆకాశం నీలంగా ఉండగానే నీళ్లు వస్తాయి. ఆగితే కొన్ని గంటల్లో తగ్గిపోతాయి.

సోసుస్‌ఫ్లే ఇసుక తిన్నెలు

సెస్రీమ్ క్యాంపులో గేటు లోపల పడుకోవాలని నేను గట్టిగా చెప్పేది ఒకే కారణానికి. బయటివాళ్లకి గేటు సూర్యోదయానికి తెరుస్తారు, లోపల ఉన్నవాళ్లని గంట ముందే వదులుతారు. ఆ గంటే ముఖ్యం. గేటు నుంచి 60 కిలోమీటర్లు తారు రోడ్డు, ఆపైన చివరి ఐదు కిలోమీటర్లు లోతైన ఇసుక. మొదటిసారి వెళ్లేవాళ్లు ఆ ఐదు కిలోమీటర్లకి అక్కడి షటిల్ బండి ఎక్కండి. సొంతంగా వెళ్లాలనే ఉంటే గాలి 16 పీఎస్‌ఐ దాకా తగ్గించి, ఫోర్ బై ఫోర్ వేసి, ఆగకుండా, బ్రేక్ తొక్కకుండా ఒకే వేగంతో పోవాలి. ఇరుక్కుంటే యాక్సిలరేటర్ తొక్కొద్దు, ఇంకా లోతుకి దిగుతుంది. దిగి చక్రాల ముందు ఇసుక తవ్వి, వచ్చిన గాడిలోనే వెనక్కి తీయండి.

డెడ్‌ఫ్లే అక్కడి నుంచి కిలోమీటరు నడక. తెల్లటి మట్టి నేల, దాని మీద ఎప్పుడో కొన్ని వందల ఏళ్ల కింద ఎండిపోయిన తుమ్మజాతి చెట్లు, చుట్టూ ఎర్రటి తిన్నెలు. గాలి ఎంత పొడిగా ఉంటుందంటే ఆ చెట్లు ఇప్పటికీ కుళ్లలేదు, ఎండకి కాలి నల్లబడి నిలబడ్డాయి. పొద్దున ఎనిమిదిలోపు చేరితే సగం నేల నీడలోనే ఉంటుంది, చెట్ల నల్లదనం, తిన్నెల ఎరుపు విడివిడిగా కనిపిస్తాయి. పదింటికి వెళ్తే అన్నీ ఒకే రంగు, పైగా కాళ్లు కాలతాయి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు పట్టుకెళ్లండి.

క్యాంపులో సాయంత్రం

నాలుగింటికి చేరారు. ముందు బండి సమంగా నిలిచే చోటు చూడండి. కాస్త వాలు తప్పకపోతే తల వైపు ఎత్తు ఉండేలా పెట్టండి. గాలి ఎటు నుంచి వస్తుందో చూసి టెంట్ గుమ్మం దానికి వెనక్కి ఉంచండి. నిచ్చెన లాగి, టెంట్ విప్పి, పరుపులు సర్దేసరికి పదిహేను నిమిషాలు. వెలుతురు ఉండగానే స్నానం, వంట కానివ్వండి. తలకి కట్టుకునే టార్చి తలా ఒకటి ఉండాలి.

పడుకునే ముందు బయట ఏమీ ఉంచకండి. చెప్పులు, బూట్లు కూడా. ఎటోషా క్యాంపుల్లో నక్కలు బూట్లు ఎత్తుకుపోతాయి, ఇది నిజంగా జరిగే పని. చెత్త బండిలో పెట్టి తలుపు వేయండి. పొద్దున బూట్లు దులిపి వేసుకోండి, తేళ్లు దూరతాయి. కట్టెలు ఎత్తేటప్పుడు కూడా అదే జాగ్రత్త.

చీకటి పడ్డాక లైట్లన్నీ ఆపి పదినిమిషాలు పైకి చూడండి. సెస్రీమ్‌కి దగ్గరలోని నమీబ్‌రాండ్ ప్రాంతాన్ని 2012లో అంతర్జాతీయ చీకటి ఆకాశ అభయారణ్యంగా గుర్తించారు, అంత నల్లటి రాత్రులు అవి. జూన్, జులైలో అయితే మన దగ్గర దక్షిణాన కిందగా కనిపించే వృశ్చిక రాశి అక్కడ నడినెత్తి మీదికి వస్తుంది. తేలు తోక కొండీ దాకా ఒక్కో చుక్కా లెక్కపెట్టవచ్చు. రోజంతా పడ్డ పాట్లు ఆ పది నిమిషాల్లో ఎగిరిపోతాయి.

పొద్దున మడవడం సాయంత్రం విప్పడం కన్నా కష్టం. బట్ట అంచులు లోపలికి తోసుకుంటూ ఒకరు ఒక పక్క, ఇంకొకరు ఇంకో పక్క మడవాలి. బట్ట బయటికి మిగిలితే కవర్ జిప్ పడదు. జిప్‌లో ఇసుక పడితే బ్రష్‌తో దులపండి, బలంగా లాగితే ఊడొస్తుంది. అలవాటయ్యేదాకా అరగంట పడుతుంది. అందుకే ఒకేచోట రెండు రాత్రులు అంటున్నాను. ఒక పొద్దున ఈ పని తప్పుతుంది.

సముద్రం ఒడ్డున గది తీసుకోండి

స్వాకోప్‌ముండ్ దగ్గర సముద్రంలో చల్లటి బెంగ్వేలా ప్రవాహం పారుతుంది. దానివల్ల పక్కనే ఎడారి ఉన్నా ఊరంతా మంచు కమ్ముకుని, తేమగా, చలిగా ఉంటుంది. టెంట్ తడిసిపోతుంది. పైగా ఇది సరిగ్గా రెండు మూడు రోజులు టెంట్‌లో పడుకుని, దుమ్ముతిని, ఒకరి మీద ఒకరు విసుక్కోవడం మొదలుపెట్టే సమయం. మన బంధాల మీద అనుమానం వద్దు, అలసట అలాగే మాట్లాడిస్తుంది. అక్కడ రెండు రాత్రులు గదిలో పడుకుని, వేడినీళ్లతో స్నానాలు చేసి, బట్టలు ఉతికించుకుని, ఎవరైనా వండిపెట్టింది తినండి. దగ్గరలోని వాల్విస్ బేలో ఫ్లెమింగోలు చూడండి. ఓపిక ఉంటే ఉత్తరాన కేప్ క్రాస్ దగ్గర వేలకొద్దీ సీల్ జంతువులు ఒడ్డున పడి ఉంటాయి. వాసన మాత్రం భరించలేనంత ఉంటుంది, ముక్కుకి గుడ్డ కట్టుకోండి.

ఎవరెవరు ఏ పని చేయాలో కూడా ఇక్కడే కూర్చుని మళ్లీ పంచుకోండి. ఒకరే నడిపి, ఒకరే వండి, ఒకరే టెంట్ వేస్తే యాత్ర ఆ మనిషికి శిక్ష అవుతుంది. మన ఇళ్లలో వంట ఎవరి మీద పడుతుందో చెప్పక్కర్లేదు. సెలవు ఆవిడకి కూడా సెలవే.

తర్వాత వచ్చే స్పిట్స్‌కొప్పెలో గుండ్రటి గ్రానైట్ కొండల మధ్య, ఒక్కో బండికి ఒక్కో మూల దొరుకుతుంది. కరెంటు ఉండదు, నీళ్లు మనమే తీసుకెళ్లాలి. ట్వైఫెల్‌ఫాంటేన్‌లో వేల ఏళ్ల నాటి రాతి చెక్కడాలు ఉన్నాయి. 2007లో యునెస్కో జాబితాలోకి ఎక్కాయి. పొద్దున్నే వెళ్లండి.

ఎటోషాలో వెతకడం మానండి

ఎటోషా 22,000 చదరపు కిలోమీటర్ల పైబడిన అడవి, మధ్యలో తెల్లటి ఉప్పు మైదానం. గంటకి 60 దాటకూడదు, నిర్దేశించిన చోట్ల తప్ప బండి దిగకూడదు, సూర్యాస్తమయానికి క్యాంపు గేటు లోపల ఉండాలి. చాలామంది పొద్దున్నుంచి సింహం కోసం గుంట నుంచి గుంటకి పరిగెడతారు. వాన లేని నెలల్లో నీళ్లు అక్కడ తప్ప ఎక్కడా లేవు, అన్ని జంతువులూ నీటి దగ్గరికే రావాలి. ఒక గుంట దగ్గర ఇంజిన్ ఆపి, పులిహోర డబ్బా తెరిచి రెండు గంటలు కూర్చోండి. ముందు జీబ్రాలు వస్తాయి, ఓరిక్స్ అనే జింకలు పక్కకి నిలబడి వంతు కోసం చూస్తాయి, ఏనుగులు రాగానే అందరూ తప్పుకుంటారు. ఎవరికి ఎవరు దారి ఇస్తున్నారో చూస్తుంటే గంటలు తెలియవు.

ఒకాకుయో క్యాంపులో గుంటకి రాత్రంతా లైట్లు ఉంటాయి, గోడ వెనక బెంచీల మీద కూర్చుని చూడవచ్చు. నల్ల ఖడ్గమృగాలు ఎక్కువగా చీకటి పడ్డాకే వస్తాయి. దుప్పటి కప్పుకుని వెళ్లండి, మాటలు వద్దు. 2022 సెప్టెంబరులో మధ్యప్రదేశ్‌లోని కూనో అడవికి వచ్చిన ఎనిమిది చీతాలూ నమీబియా నుంచి వచ్చినవే. ఎటోషా దారిలో చీతా కనిపిస్తే మనవాళ్లకి ఇంకొంచెం ఎక్కువ సంబరం.

మనుషులు, భద్రత

ఎవరినైనా ఏదైనా అడిగే ముందు నమస్కారం చెప్పి, ఎలా ఉన్నారని అడగండి. నేరుగా పనిలోకి దిగడం అక్కడ మర్యాద కాదు. బంకులో డీజిల్ పోసే మనిషికి చిల్లర ఇవ్వడం వాడుక. విండ్‌హుక్‌లో, పెద్ద ఊళ్లలో ఆపిన బండ్లలోంచి సామాను పోవడం మామూలు. సీట్ల మీద ఏమీ కనబడనీయకండి, రిమోట్ నొక్కి ఊరుకోకుండా తలుపు లాగి చూడండి, ఒకరు బండి దగ్గరే ఉండండి. సిమ్ కార్డు ఎయిర్‌పోర్టులోనే తీసుకోండి. ఊరు దాటితే సిగ్నల్ పోతుంది గనుక మ్యాపులు ముందే ఫోన్‌లో దింపుకోండి. రోజూ రాత్రి ఎక్కడ ఆగుతారో ఇంటి దగ్గర ఒకరికి కాగితం ఇచ్చి వెళ్లండి. అయితే సిగ్నల్ లేక రెండు రోజులు ఫోన్ రాకపోయినా టెన్షన్ పడొద్దని అమ్మకి ముందే నచ్చజెప్పండి.

బండి తిరిగి ఇవ్వడం

ఎటోషా తూర్పు చివర ఉన్న నముటోని క్యాంపు నుంచి విండ్‌హుక్ 530 కిలోమీటర్లు, అంతా తారే. దూరం ఎక్కువైనా ఒక్క రోజులో ఇది చేయగలం, తెల్లారగానే బయల్దేరితే. బండి ఇచ్చేది మర్నాడు పెట్టుకోండి, అదే రోజు విమానం వద్దు. ముందు బండి కడిగించండి. దుమ్ము పోతేనే పాత గీతలేవో, కొత్తవేవో తేలుతుంది. తీసుకున్న రోజు ఫొటోలు ఫోన్‌లో తెరిచి పెట్టుకుని, వాళ్ల మనిషితో కలిసి చుట్టూ తిరగండి. ఏ నష్టమూ లేదని సంతకం పెట్టిన కాగితం తీసుకోండి, డిపాజిట్ ఏ తేదీకి వదులుతారో దాని మీదే రాయించుకోండి. మిగిలిన బియ్యం, నూనె, గ్యాస్ యార్డులో బండ్లు కడిగేవాళ్లకి ఇవ్వండి, సంతోషంగా తీసుకుంటారు. కుక్కర్ మాత్రం తెచ్చుకోండి.